పోతే గంట, వస్తే నాలుగు

మస్కట్టుకీ బొంబాయికీ మధ్య విమానంలో ఎంతసేపు పడుతుందని మా చుట్టాల్లో ఎవరినీ అడగకండి. అడిగితే భోజనాల దగ్గర విస్తర్లు వదిలేసి వాదనకు దిగుతారు. ఒక పెళ్ళి ఆ మాట మీదే ఆగబోయింది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పెద్దలకు చదువు చెప్పే బడి మా పేటలో పెట్టినప్పుడు పలక పట్టుకున్నాను. మనవలు నవ్వారు. నవ్విన వాళ్ళ చేతే దిద్దించుకున్నాను. రాయటం వచ్చింది కాబట్టి ఈ సంగతి నేనే రాసిపెడుతున్నాను. నోటితో చెప్పుకుంటుంటే ఎవరి గొప్ప వాళ్ళు కలుపుకుంటూ పోతున్నారు. నిన్న మొన్న పుట్టినవాడు కూడా తానే పెళ్ళికొడుకును తెనాలి నుంచి తెచ్చినట్టు చెబుతున్నాడు. తెచ్చింది నేను.

ఎనభైల చివరి మాట. అప్పట్లో నేను నాట్ల ముఠా నడిపేదాన్ని. చెరుకుపల్లికీ రేపల్లెకీ మధ్య ఊరు మాది. ఆడవాళ్ళను వెంటేసుకుని ఏ చేలో దిగినా నా నోటికి రైతులే జడిసేవాళ్ళు. ఇంక మా తమ్ముడొక లెక్కా? వాడి కూతురికి, అంటే నా మేనకోడలికి, సంబంధం కుదిరింది. పిల్ల చెరుకుపల్లిలో చిన్నబడి పంతులమ్మ. పెళ్ళికొడుకుది బాపట్ల. మస్కట్టులో ఏసీ మిషన్లు బిగించే పని. ముందటేడు సెలవుకొచ్చినప్పుడు ప్రధానం జరిగింది. ఉంగరం తొడిగి, మళ్ళీ సెలవిచ్చినప్పుడు పెళ్ళి అని చెప్పి వెళ్ళిపోయాడు.

వెళ్ళిన మర్నాడు బాపట్లలో ఎస్టీడీ బూతుకి ఫోను చేసి వాళ్ళ నాన్నను పిలిపించాడు.

"ఎన్నింటికి ఎక్కావురా?"

"బొంబాయిలో పదింటికి నాన్నా."

"ఎన్నింటికి దిగావురా?"

"ఇక్కడ పదకొండింటికి."

"సరే పెట్టెయ్. డబ్బులు నీళ్ళయిపోతయ్."

అంతే మాట్లాడుకున్నారు. తండ్రీకొడుకులు అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడుకోలేదట. దాంతో మస్కట్టు గంట ప్రయాణమని బాపట్లలో తేలిపోయింది. బాపట్లలో తేలింది మా ఊరికి చేరటానికి మటుకు రెండు రోజులు పట్టింది.

మా ముఠాలో ఆడవాళ్ళు నారు పంచుకుంటూ ఇదే చెప్పుకున్నారు. మా ఊరి నుంచి బాపట్ల పోవాలంటే రెండు బస్సులు మారాలి. రెండో బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికీ కండక్టరుకీ తప్ప తెలీదు. ఆ లెక్కన బాపట్ల కంటే మస్కట్టే మనకు దగ్గరని తీర్మానం చేశారు.

"అట్టయితే పిన్నీ, మీ అల్లుడు పొద్దున పోయి పని చేసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చుగా?" అంది ఒక పిల్ల.

"రావచ్చు. వచ్చేటప్పుడు నీకు మల్లెపూలు తెమ్మంటాలే. ముందా కట్ట అందుకో," అన్నాను.

నా మేనకోడలికి మాత్రం నమ్మకం కుదరలేదు. బళ్ళో ఉండే పటాల పుస్తకం ఇంటికి తెచ్చి, బొంబాయి మీద దారం ఒక కొస పెట్టి, మస్కట్టు మీద రెండో కొస పెట్టి కొలిచింది.

"అత్తా, ఇది పదిహేను వందల కిలోమీటర్లు దాటుద్ది. గంటలో అంత దూరం పోతే అది విమానం కాదు, తుపాకి గుండు."

"అబ్బాయే చెప్పాడంటగా?"

"చెప్పాడు. ఎక్కడో తేడా ఉంది."

ఎక్కడో తేడా ఉందన్న మాట పెళ్ళికూతురు అంటే ఎవరు వింటారు? పెళ్ళి పనుల్లో ఆ పిల్లను ఎవరూ ఏదీ అడగలేదు. చీర రంగు కూడా అడగలేదు, తెల్లచీరేగా అని.

ఇప్పుడు పెళ్ళికొడుకు తండ్రి సంగతి చెప్పాలి. ఆయన కొమ్మమూరు కాలవ మీద పడవ నడిపిన మనిషి. దుగ్గిరాల నుంచి దిగువకు ధాన్యం, దిగువ నుంచి ఎగువకు ఉప్పు. లారీలొచ్చి పడవలు గట్టెక్కాక ఆయనా గట్టెక్కాడు గానీ, బుర్ర మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది. ఆయనకు లోకంలో తూర్పూ పడమరా లేవు. దిగువ, ఎగువ, రెండే. పెళ్ళికి పోతే దిగువ. ఆస్పత్రికి పోతే ఎగువ. నాకు బావగారి వరస. ఆయనను ఒక మాట అంటే నాకు ఆకలి వేసేది, నన్ను ఒక మాట అంటే ఆయనకు నిద్ర పట్టేది.

సంవత్సరం తిరిగాక టెలిగ్రాం వచ్చింది. సెలవిచ్చారు, పది రోజులే, సోమవారం పొద్దున పదింటికి మస్కట్టులో విమానం. చదివి వినిపించగానే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. మేనకోడలు క్యాలెండరు చూసి కొట్టటం ఆపేసింది.

ఆ వారంలోనే బుధవారం భస్మ బుధవారం. అప్పటి నుంచి ఈస్టరు దాకా శ్రమల దినాలు, మా గుడిలో పెళ్ళి చెయ్యరు. ఈస్టరు నాటికి అబ్బాయి మళ్ళీ మస్కట్టులో మేకులు కొడుతుంటాడు. ఉన్నది మంగళవారం ఒక్కటే. అదైనా మొత్తం లేదు. గుడి పెళ్ళి పొద్దున ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యే జరగాలని చట్టం. మా పాస్టరు అయ్యగారు చట్టాన్ని బైబిలు వాక్యంతో సమానంగా చూసే మనిషి.

"ఏడు దాటి ఒక్క నిమిషమైనా ప్రమాణాలు చేయించను. చేయిస్తే ఆ పెళ్ళి చెల్లదు, నా ఉద్యోగం కూడా చెల్లిపోతుంది," అని తేల్చేశారు.

ఇక మా తమ్ముడింట్లో చాపలేసుకుని లెక్కలకు కూర్చున్నాం. బొంబాయిలో పెళ్ళికొడుకు చిన్నాన్న ఉన్నాడు, రైలు టిక్కెట్టు ఆయన కొంటాడు. సోమవారం హైదరాబాదుకు రెండు బళ్ళు. ఒకటి మధ్యాహ్నం ఒంటిగంటకు. అదెక్కితే హైదరాబాదులో బండి మారి మంగళవారం మధ్యాహ్నానికి తెనాలిలో దిగుతాడు. రెండోది రాత్రి బండి. అదెక్కితే తెనాలిలో దిగేసరికి మంగళవారం సాయంత్రం ఆరు దాటుతుంది. అక్కడి నుంచి మా ఊరు కారులో ముప్పావు గంట.

"ఇందులో ఆలోచించేదేముంది? పదింటికి ఎక్కుతాడు, పదకొండుకి బొంబాయిలో దిగుతాడు, ఒంటిగంట బండి ఎక్కుతాడు," అన్నాడు మా తమ్ముడు.

"ఎక్కడు," అన్నాడు బావగారు.

"ఏంటి బావగారూ?"

"పదకొండుకి దిగడు. రెండింటికి దిగుతాడు."

"మీ వాడే చెప్పాడు గంటని!"

"పోయేటప్పుడు గంట. ఇప్పుడు వస్తన్నాడు. అటు పోవటం దిగువ, ఇటు రావటం ఎగువ. దిగువకి గంట పట్టిన దారి ఎగువకి నాలుగు గంటలు. నేను పడవ నడిపిన మనిషిని, నాకు చెప్పొద్దు."

చాపల మీద నవ్వు లేచింది. నేనైతే ఒళ్ళో పిల్లాణ్ణి కింద దించి మరీ నవ్వాను.

"బావగారూ, ఆకాశంలో ఎవరు తవ్వారు కాలవ? గట్టు మీద తాడు పట్టి విమానాన్ని లాగుతారా?"

"నవ్వు మరదలా నవ్వు. నీళ్ళు పారతయ్యా లేదా? గాలి వీచిద్దా లేదా? పారేదానికల్లా ఎగువా దిగువా ఉంటయ్."

"మరి నీళ్ళు ఆపే లాకులెక్కడుంటయ్యో? మబ్బుల దగ్గరా?"

"నీ నోటికి పెట్టించాలి లాకులు."

"మామయ్యగారు చెప్పిందాంట్లో ఏదో ఉంది," అని మేనకోడలు గుమ్మంలో నుంచి అనబోయింది. "రెండూ కలిపి సగం చేస్తే..." అంటుండగానే వాళ్ళమ్మ లోపలికి లాగేసి చేతికి గోరింటాకు పెట్టించింది. గోరింటాకు పెట్టాక దారం పట్టుకోవటం కుదరదు కదా. లెక్క అక్కడే ఆగింది.

బావగారొక్కడు రాత్రి బండి అన్నాడు. మిగతా చాపంతా ఒంటిగంట బండి అంది. పైగా రాత్రి బండైతే ఏడు దాటిపోతుందని భయం. ఇష్టమైన లెక్కే నిజమైన లెక్కని అందరం ఒప్పేసుకున్నాం. బొంబాయికి ఫోను పోయింది. పెళ్ళి మంగళవారం నాలుగింటికి.

మంగళవారం పొద్దున్నే రేపల్లెలో ఒక అంబాసిడర్ కారు మాట్లాడుకుని నేనూ బావగారూ తెనాలి వెళ్ళాం. మా తమ్ముడు వంటల దగ్గరుండాలి, అందుకని నన్ను పంపాడు. కారు డ్రైవరు సాయిబుగారు. ముందు అద్దానికి పూలదండ కట్టుకొచ్చాడు. వాడిపోతుందని దారంతా దాని మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. స్టేషన్లో మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద బండి ఆగింది. దిగిన ప్రతి మొహాన్నీ చూశాను. ఒకావిడ రెండు కోళ్ళతో దిగింది. ఒక మిలటరీ ఆయన దిగాడు. పెళ్ళికొడుకు దిగలేదు. బండి వెళ్ళిపోయింది.

 పక్కకు తిరిగి చూస్తే బావగారి మొహం మతాబాలా వెలుగుతోంది.

"చెప్పానా! ఎగువ అని చెప్పానా!"

"బావగారూ, మీ కొడుకు రాలేదు."

"రాడు మరి! ఎట్టొస్తాడు? నాలుగు గంటలు! అక్షరాలా నాలుగు!"

కొడుకు పెళ్ళి మునుగుతుంటే తన మాట తేలిందని సంబరపడే తండ్రిని అక్కడే చూశాను. స్టేషన్ ముందు కొట్లో నాకొక టీ కూడా ఇప్పించాడు. నాకు ఆయన ఏమన్నా ఇప్పించటం అదే మొదలు, అదే చివర.

చెరుకుపల్లిలో మాకు తెలిసిన కిరాణా కొట్టుకు ఫోను చేసి, పెళ్ళికొడుకు సాయంత్రం బండికి వస్తాడు, అయ్యగారిని కదలనివ్వొద్దని కబురు పెట్టాను. వస్తాడో రాడో నాకు తెలీదు. రాడని చెబితే వండిన అన్నం ఎవరు తింటారు?

ఆ సాయంత్రం బండి కోసం కూర్చున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. మేనకోడలికి అప్పటికే ఇరవై తొమ్మిది. రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. ఇది తప్పితే ఊళ్ళో నోళ్ళు ఎలా లేస్తాయో నాకంటే ఎవరికి తెలుసు, అలాంటి నోళ్ళలో పెద్దది నాదేగా. ఆ పిల్లేమో ఈ అబ్బాయి ఉంగరాన్ని ఏడాదిపాటు సున్నిపిండితో తోముకుంది.

ఆరుంబావుకు బండి వచ్చింది. దిగాడు! ఒక చేతిలో సూటుకేసు, ఒక చంకలో పులి బొమ్మ దుప్పటి, భుజాన టేప్‌రికార్డరు, చేతికి బంగారు రంగు గడియారం. నేను దుప్పటి లాక్కున్నాను, డ్రైవరు సూటుకేసు లాక్కున్నాడు. తండ్రి మాత్రం కదల్లేదు.

"ఎన్నింటికి దిగావురా బొంబాయిలో?"

"రెండింటికి నాన్నా. అప్పటికే ఒంటిగంట బండి..."

ఆయన కొడుకును గట్టిగా కావలించుకున్నాడు. వచ్చినందుకు కాదు, రెండింటికి దిగినందుకు.

"కారెక్కండి మహానుభావా, ఏడవుతోంది!" అని ఇద్దర్నీ కలిపి లోపలికి నెట్టాను.

కారు పోనిచ్చాం. ఊరు దాటకముందే రైలు గేటు వేశారు. గేటు తీశాక గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చింది. రోడ్డుకి అటు చివరా ఇటు చివరా గడ్డే. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, చివరకు తల బయటపెట్టి అరిచాడు.

"అన్నా! పెళ్ళికొడుకున్నాడు, దారియ్యి!"

"నా గడ్డికి కూడా పెళ్ళే, ఆగు!" అన్నాడు ట్రాక్టరు వాడు.

"ఇదీ ఎగువే," అన్నాడు బావగారు వెనక సీట్లో తృప్తిగా. ఆయన పళ్ళు రాలగొట్టకుండా కూర్చున్నానంటే అది ఆ రోజు దేవుడు చేసిన మొదటి అద్భుతం.

మేం గుడి ముందు దిగేసరికి అక్కడ కనిపించింది ఇది. అయ్యగారు సైకిలు మీద ఒక కాలేసి ఉన్నారు. తెల్లచీర, తల మీద ముసుగు, చేతులనిండా గోరింటాకుతో నా మేనకోడలు వెనకనుంచి ఆ సైకిలు క్యారియరు పట్టుకుని నిలబడింది. సంఘమంతా చుట్టూ చేరి చూస్తోంది. పాడగలిగిన పాటలన్నీ అయిపోయి, క్రిస్మసు పాటలు కూడా పాడేశారట.

"వదులమ్మా."

"వదలనండి."

"ఏడూ ఇరవై అయిందమ్మా. చట్టం నా చేతిలో లేదు."

"సైకిలు నా చేతిలో ఉందండి."

పెళ్ళికొడుకు కారు దిగి పరిగెత్తాడు. ఏడాది తర్వాత ఆ పిల్ల మొహం చూసి నమస్కారం పెట్టాలో నవ్వాలో తెలీక, అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకున్నాడు. చూసుకుని, "అయ్యో, ఇంకా ఆరు కూడా కాలేదు కదండీ," అన్నాడు.

అందరం వాడివైపు తిరిగాం. ఎండదెబ్బ అనుకున్నాను. వాడి మణికట్టు పట్టుకుని పైకెత్తి చూశాను. నాకప్పటికి అక్షరాలు రావు గానీ గడియారం ముళ్ళు చూట్టం వచ్చు. చిన్న ముల్లు ఇంకా ఆరు దగ్గరకు రాలేదు.

"ఆగిపోయిందేంట్రా ఇది?"

"లేదండి అత్తయ్యగారూ, నడుస్తంది. అది మస్కట్టు టైము. అక్కడ మనకంటే గంటన్నర వెనకండి."

మేనకోడలు సైకిలు వదిలేసింది. "గంటన్నర వెనకా?" అని నోరు తెరిచి, గోరింటాకు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అత్తా! అదీ తేడా! పోయేటప్పుడు గంటకి గంటన్నర కలపాలి. వచ్చేటప్పుడు నాలుగులోంచి గంటన్నర తియ్యాలి. ఎటుపోయినా రెండున్నరే! దిగువా లేదు, ఎగువా లేదు!"

"ఉంది," అన్నాడు బావగారు.

"మరి ఏడాది కిందటే ఆ ముక్క చెప్పొచ్చుగా?" అని పెళ్ళికొడుకును నిలదీసింది. తాళికి ముందే నిలదీసిన పెళ్ళికూతుర్ని మా గుడి అదే మొదటిసారి చూట్టం.

"ఎవరూ అడగలేదండి," అన్నాడు వాడు.

"ఇండియాలో దిగాక గడియారం తిప్పుకోవద్దా?"

"కొత్తదండి. పది రోజుల కోసం తిప్పి, మళ్ళీ తిప్పితే లోపల మర అరిగిద్దని..."

ఆ మాటతో నా మేనకోడలు పగలబడి నవ్వింది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఏడుపంతా ఆ నవ్వులో పోయింది. కానీ అయ్యగారు నవ్వలేదు. ఆయన రెండో కాలు కూడా సైకిలెక్కబోతోంది. నేను హ్యాండిలుకు అడ్డం పడ్డాను.

"అయ్యగారూ, చట్టంలో ఏడు అని ఉందిగా?"

"ఉందమ్మా."

"ఏ ఊరి ఏడో రాసుందా?"

ఆయన కాలు మళ్ళీ నేల మీద పెట్టారు. నేను ఊరుకోలేదు.

"ఈ పిల్లోడి గంటన్నర ఆకాశంలో పోయింది. తిన్నాడా, తిరిగాడా? అప్పనంగా పోయింది. పోయినదాన్ని ఎవరిస్తారు ఇతనికి? నేనియ్యలేను. మా తమ్ముడియ్యలేడు."

అయ్యగారు సైకిలు దిగారు. సైకిలుకు స్టాండు వేశారు. తన చేతి గడియారం విప్పి లాల్చీ జేబులో పడేశారు. పెళ్ళికొడుకు వైపు చెయ్యి చాపారు. వాడు అయోమయంగా తన గడియారం విప్పి ఇచ్చాడు. అయ్యగారు దాన్ని తన మణికట్టుకు కట్టుకుని, దీపం వెలుగులోకి ఎత్తి, పెద్ద గొంతుతో అన్నారు.

"నా చేతి గడియారంలో ఆరు కావటానికి ఇంకా ఐదు నిమిషాలుంది. సంఘం లేచి నిలబడాలి."

సంఘం అప్పటికే నిలబడే ఉంది. పరిగెత్తుకుంటూ లోపలికి పోయింది. ప్రమాణాలు, ఉంగరాలు, తాళి, ఆశీర్వాదం అన్నీ మస్కట్టు ఏడింటికి పది నిమిషాల ముందే అయిపోయాయి. పప్పు చల్లారిపోయింది, ఎవరూ వంక పెట్టలేదు. ఆ పిల్లా పిల్లాడూ ఇప్పటికీ గొడవ పడకుండా ఉన్నారని చెప్పను గానీ, ఆ పెళ్ళి చెల్లలేదని మటుకు ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఒక్కటే మిగిలింది. అయ్యగారు భోజనం చేసి, సైకిలెక్కి, ఆ గడియారంతోటే ఇంటికి పోయారు. మరిచిపోయారా, దాచుకున్నారా అని కొందరు గుసగుసలాడారు. అడగటానికి పెళ్ళికొడుక్కి మొహం చెల్లలేదు.

మర్నాడు భస్మ బుధవారం. పొద్దున ఆరింటికి ఆరాధన. కొత్త జంట, రెండు వైపుల చుట్టాలు, సంఘమంతా గుడి ముందు చేరాం. ఆరయింది. ఆరున్నరయింది. ఏడయింది. గుడి తలుపు తాళం అయ్యగారి దగ్గరే ఉంది. పిల్లలు గుడి మెట్ల మీద మళ్ళీ నిద్రపోయారు. నేను మేనకోడలి మొహం చూశాను, మేనకోడలు మొగుడి ఖాళీ మణికట్టు చూసింది. ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

ఏడున్నరకు కాలవ గట్టు మీద సైకిలు కనిపించింది. అయ్యగారు తొందరేమీ లేకుండా, సరిగ్గా టైముకు వస్తున్న మనిషిలాగా, నింపాదిగా తొక్కుతున్నారు. చేతికి బంగారు రంగు గడియారం ఎండలో మెరుస్తోంది. నిన్న సాయంత్రం ఆ గడియారాన్నే చట్టమని ఒప్పుకున్నాం. ఇవాళ ఎవరు నోరెత్తుతారు?

బావగారు నా పక్కకు జరిగాడు. గట్టు కింద కాలవ ఎటు పారుతోందో ఒకసారి చూశాడు, సైకిలు ఎటు వస్తోందో చూశాడు.

"చూడు మరదలా," అన్నాడు. "ఆయనా ఎగువకే వస్తన్నాడు."